జిడ్డు వదలని ఉన్ని

తుషారగిరి అందం వర్ణించడానికి కందరపురి ఆస్థానకవులు ముప్పై మందీ చాలలేదట. పొద్దు పొడిచే వేళ ఆ శిఖరాల మీద పసుపు, కుంకుమ, పచ్చకర్పూరం పక్కపక్కన ఆరబోసినట్టు వెలుగు పరుచుకుంటుంది. దేవదారు వనాల్లో కస్తూరి మృగాలు తిరుగుతాయి. కొండ నడినెత్తిన మాంత్రికుడు హిమనఖుడి స్ఫటికదుర్గం నీలమణుల కాంతితో ధగధగలాడుతుంది. ఆ కోటగోడ మీదినుంచి చలియేరు తెల్లని తెరలా కిందికి దూకి, నురగలు కక్కుతూ లోయలోకి పారుతుంది. కవులు ఇంతవరకు రాసి ఊరుకున్నారు. ఆ ఏటి నీరు ఒంటికి తగిలిన మనిషి తగిలినచోటే మంచుబొమ్మ అయిపోతాడన్న సంగతి వాళ్ళ పద్యాల్లో లేదు. వాళ్ళలో ఒక్కడూ ఏటిదాకా వెళ్తే కదా!

వెళ్ళినవాళ్ళు ఏటిలోనే నిలబడి ఉన్నారు. ఈ ఏడు వాళ్ళ సంఖ్య నలభై రెండు. కోటలో హిమనఖుడి నీలిదీపం వెలుగుతున్నంతకాలం వాళ్ళకు విముక్తి లేదు. దాని వత్తి కత్తిరిస్తే అందరూ ప్రాణాలతో బయటపడతారు. కాని ఏటా ఎండాకాలం మొదట్లో ఒకరోజు సూర్యుడు గండిశిఖరం దాటి ఏటి మీద నిట్టనిలువుగా నిలుస్తాడు. ఆనాటికీ మంచుగానే ఉన్నవాడు కరిగి నీళ్ళలో కలిసిపోతాడు. ఆ తర్వాత ఎన్ని వత్తులు కత్తిరించినా తిరిగి రాడు.

ఆ రోజుకు ఇంకా ఇరవై రెండు రోజులుండగా, ఆ వత్తి కత్తిరించి రమ్మన్న రాజాజ్ఞ మీద నలభై రెండోవాడుగా ఏట్లో దిగినవాడు రాజుగారి వార్తాహరుడు రణమల్లుడు. ఒంటి మీద అతని భార్య చెంగల్వ అల్లిన చొక్కా ఉందన్న ధైర్యంతోనే దిగాడు.

చెంగల్వ రాజభవనం బట్టలుతికే ఇంట్లో పుట్టింది. పుల్లలతో అల్లడంలోనూ ఆమెకు సాటి లేరు. "గొర్రె ఉన్నితో ఒకే చేతి అల్లికగా చేసిన చొక్కాను చలియేటి నీరు అంటదు" అని పండితులు ఏదో తాళపత్రంలో కనిపెట్టగానే రాజుగారు ఆమెను పిలిపించారు. మూటలకొద్దీ పచ్చి ఉన్ని వచ్చింది. దాన్ని విప్పగానే సభలో ఉన్న పండితులందరూ ముక్కులు మూసుకున్నారు. చెంగల్వ ముక్కు మూసుకోలేదు గాని, మురికి చూస్తే ఊరుకునే చేతులు కావు ఆమెవి. వేడి చౌడునీళ్ళలో మూడుసార్లు నానబెట్టింది. చేతికి అంటుకునే జిడ్డు చుక్కకూడా మిగలకుండా వదిలించింది. ఆ ఉన్నితో అల్లిన చొక్కా మల్లెపూవంత తెల్లగా వచ్చింది. రాణిగారు బుగ్గకు ఆనించుకుని మెచ్చుకున్నారు. పండితులూ మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒక్కడైనా పుట్టి బుద్ధెరిగి గొర్రెను ముట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

సేనాపతీ అతని మనుషులూ ఒడ్డున చూస్తుండగా రణమల్లుడు ఆ చొక్కా, అదే ఉన్ని కాలితొడుగులూ తొడుక్కుని సగం ఏరు దాటాడు. అక్కడే ఆగిపోయాడు.

ఒడ్డున చెంగల్వ అరిచిన అరుపుకు కొండమీద గొర్రెలు కాసుకుంటున్న బీరవ్వ కర్ర పట్టుకుని పరుగున వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, గొర్రెల మధ్యే పుట్టి పెరిగింది. ఏట్లో నిలబడ్డవాణ్ణి చూసింది. అతని ఒంటిమీది చొక్కాను కళ్ళు చికిలించి చూసింది.

"గంత తెల్లగ ఎట్లైందే బిడ్డా ఉన్ని?"

"ఉతికాను, అవ్వా."

"జిడ్డు?"

"మొత్తం వదిలించాను."

బీరవ్వ కర్ర మీద వాలిపోయింది. "వానల నానిన గొర్రెకు లోపల తోలు ఎందుకు పొడిగుంటదనుకున్నవ్ బిడ్డా? ఆ జిడ్డే దానికి గొడుగు. దాన్ని నీ చేతులతోని నువ్వే కడిగిపోసినవ్."

ఆ మాట విన్నాక చెంగల్వ చాలాసేపు తన రెండు అరచేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. తాను చంపుకున్నది మొగుణ్ణి అని ఆమెకు అర్థమైంది. పగవాడు చేసి ఉంటే పగవాణ్ణి తిట్టుకోవచ్చు. తన పనితనం చేసింది, ఎవర్ని తిట్టాలి? లేచి ఏట్లోకి ఉరకబోతే బీరవ్వ జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"సచ్చుడు ఎంతసేపు! నా ముసలాయన పోయినేడు ఇదే ఏట్ల నిలవడ్డడు. నాకు తెలివి తెలిసెటాలకు ఎండ వచ్చింది. కరిగిన నీళ్ళు నా కండ్ల ముంగట్నే పారినయ్. నీకు ఇంక ఇరవై రెండు దినాలున్నయ్. లే!"

చెంగల్వ లేచింది. జిడ్డే గొడుగు అయితే జిడ్డంతా ఉంచేద్దామనుకుంది. ఉన్నిని కడగలేదు, ఏరలేదు. బీరవ్వ అటు తిరిగితే చాలు, గొర్రె పొట్టకింది బొచ్చు, తోక దగ్గరి బొచ్చు, పెంటికలూ పల్లేరుకాయలూ ఉన్నవాటితోసహా కదురుకెక్కించింది. దారం నాలుగు బారలకోసారి తెగింది. తెగినచోటల్లా ముడి వేసింది. బీరవ్వ వద్దంటే "తొందర, అవ్వా, తొందర" అంది. పగలంతా అల్లుతూ మధ్యమధ్య ఏట్లో ఉన్న మొగుడి వీపు చూసుకునేది. ఎనిమిదో రోజుకు చొక్కా పూర్తయింది. ముందు చెయ్యి ముంచి చూస్తానని ఎడమచేతికి చొక్కా చెయ్యి తొడుక్కుని వేళ్ళ దాకా లాక్కుని నీళ్ళలో పెట్టింది. ముడులున్న చోట సందులున్నాయి. ఒక్క బొట్టు దూరింది. చిటికెనవేలు మొదలంటా మంచయిపోయింది. గాభరాగా చెయ్యి వెనక్కి లాగితే బండరాయికి తగిలి వేలు పుటుక్కున విరిగి నీళ్ళలో పడింది. నెప్పి కూడా తెలియలేదు. బీరవ్వ మాత్రం నెత్తి కొట్టుకుంటూ పసరు పూసి గుడ్డ కట్టింది.

చెంగల్వకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ చొక్కాను ఉండ చుట్టి సలసల కాగే గంజి బానలో పడేసి కర్రతో దంచినట్టు కలియబెట్టింది. కలిపీ కలిపీ చేతులు పడిపోయాక బయటికి తీస్తే, ఆరడుగుల మనిషికని అల్లిన చొక్కా పసిపిల్లకు సరిపోయేంత అయింది! అల్లిక కనిపించడం లేదు. గట్టిగా, మందంగా అట్ట కట్టిపోయింది. విప్పుదామని దారం కొస వెతికితే కొసే లేదు. బీరవ్వ నవ్వి కత్తెర తీసుకుని దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసింది. ఎక్కడా ఒక్క పోగు ఊడలేదు. ఒక ముక్క చెంగల్వ చెప్పులోకి, రెండోది తన చెప్పులోకి దోపింది.

"ఇట్ల అట్టగట్టినంక ఇంక విప్పరాదు. కోస్తే మాత్రం పోగు చెదరది. గుర్తుంచుకో" అంది.

ఈలోగా హిమనఖుడు ఊరుకున్నాడా? స్ఫటికంలో చూసి పకపకా నవ్వాడు. "ఉన్ని లేకపోతే ఏం అల్లుతుందో చూద్దాం!" అని మంచుతోడేళ్ళను పంపాడు. తోడేళ్ళు బీరవ్వ మందనంతా తోలుకుపోయి ఏటి ఇవతలి గట్టునే ఉన్న రాతిదొడ్డిలో పడేసి కాపలా కూర్చున్నాయి. ఒక్కొక్కటీ దూడంత. పళ్ళు మంచుగడ్డలు. బీరవ్వ గుడిసెలో మిగిలింది గొంగడికని దాచిన పాత పచ్చి ఉన్ని తోలు ఒక్కటే.

చెంగల్వ ఆ తోలు నెత్తిన కప్పుకుంది. కత్తెర నోట కరుచుకుంది. నాలుగు కాళ్ళ మీద, పట్టపగలు, ఎదురెండలో, మందలోకి పాకింది. గొర్రెలు జరిగి చోటిచ్చాయి. ఒక తోడేలుకు అనుమానమొచ్చింది. గోడ దూకి వచ్చింది. ముక్కు ఆమె నడుముకు ఆనించి పైకీ కిందికీ వాసన చూసింది. ఏం వాసన వస్తుంది? పెంట వాసన, జిడ్డు వాసన, గొర్రె వాసన. ఆ తోలును కూడా చెంగల్వ మునుపటిలా ఉతికి పెట్టుకుని ఉంటే ఈపాటికి ఆమె ఎముకలు కూడా మిగిలేవి కావు. తోడేలు తుమ్మింది. వెళ్ళిపోయింది.

అది గోడ ఎక్కిందో లేదో, చెంగల్వ పెద్ద పొట్టేలు పక్కన పడుకుని భుజాల దగ్గర కత్తెర ఆడించింది. కరకర, కరకర. ఈసారి పొట్టకింద ముట్టుకోలేదు. భుజాలు, డొక్కలు, వీపు పక్కలు. బీరవ్వ వందసార్లు చెప్పినచోట్లు. రెండో పొట్టేలూ అయింది. మూడోది బెదిరి అరిచింది. తోడేళ్ళు తలలెత్తాయి! చెంగల్వ లేచి ఉన్ని మూట వీపున కట్టి, దొడ్డి గడియ ఒక్క తన్నుతో ఊడగొట్టింది. మూడు వందల గొర్రెలు ఒక్కసారిగా కొండవాలున పడ్డాయి. తోడేళ్ళు దేని వెంట పడాలో తెలియక గుండ్రంగా తిరిగాయి. రెండు తోడేళ్ళు మాత్రం మూటను కనిపెట్టి ఆమె వెనక పడ్డాయి. ఒకటి కాలిపిక్క అందుకుంది. కత్తెర దాని ముక్కులో దిగింది. రెండోదాన్ని పెద్ద పొట్టేలు కొమ్ములతో ఎత్తి ఏట్లో విసిరింది. అదీ అక్కడే, కాళ్ళు పైకి పెట్టుకుని, మంచుబొమ్మ అయింది. బీరవ్వ ఈల వేసి మందను కొండ గుహలోకి మళ్ళించింది.

ఇంకా పది రోజులు. ఈసారి చెంగల్వ "తొందర" అన్న మాట నోట రానివ్వలేదు. ఉన్నిని చాప మీద పరిచి పల్లేరుకాయలు, గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరింది. కొండ ఊటలోని చన్నీళ్ళలో ఊరికే ముంచి, నలపకుండా, పిండకుండా, పైకి తీసి నీడన ఆరబెట్టింది. దుమ్ము పోయింది, జిడ్డు నిలిచింది. దువ్వి, కదురు మీద సన్నగా, గట్టి పురితో వడికింది. దారం తెగినచోట ముడి వెయ్యలేదు. రెండు కొసలూ పీచు విడదీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, ఉమ్మి తడి చేసి అరచేతుల మధ్య రుద్దితే అవి కలిసిపోయాయి. దారం నడపడానికి చిటికెనవేలు లేదు గనుక మణికట్టుకు చుట్టుకుని అల్లడం నేర్చుకుంది. మొదటిరోజు వరసకు పది అల్లిక కన్నులు జారాయి. మూడోరోజుకు ఒకటీ జారలేదు.

"ఇంత వెడల్పు ఎవ్వరికే?" అంది బీరవ్వ.

"ఇద్దరికి, అవ్వా. ఆయన దగ్గరికి వెళ్ళి, ఇందులోకి తీసుకుంటా. ఈ ఉన్ని వెచ్చదనం తగిలితే మంచు విడుస్తుందన్నావు కదా. ఇద్దరం కలిసి నడుస్తాం."

బీరవ్వ అటు తిరిగి గొంగడి కొసతో ముక్కు తుడుచుకుంది.

చివరిరోజు పొద్దున్నే చొక్కా సిద్ధమైంది. కుచ్చుటోపీ దాంట్లోనే కలిపి అల్లింది. కాళ్ళకు తొడుగులూ అదే దారం. ఎండ ఏటి మీదికి వచ్చేది మధ్యాహ్నానికి. దీపం వత్తి కోసమని కత్తెర నడుముకు దోపుకుని, కుచ్చుటోపీ కనుబొమ్మలదాకా లాక్కుని, చెంగల్వ చలియేట్లో కాలు పెట్టింది.

నీళ్ళు ఉన్ని మీద పూసలై జారిపోయాయి! ఒక అడుగు. పది అడుగులు. మొదటి మంచుబొమ్మ, రెండోది, ఏడోది. అందరూ ఎవరికో భర్తలు, కొడుకులు. ఆమె వాళ్ళ పక్కగా నడుస్తుంటే ప్రవాహం ఉద్ధృతమైంది. నీళ్ళు చొక్కాను గుద్దాయి, పిండాయి, నలిపాయి, ముందుకూ వెనక్కూ ఈడ్చాయి. నడుము దాకా నీళ్ళు వచ్చేసరికి చెంగల్వకు ఊపిరి పట్టేసినట్టయింది. చొక్కా బిగుస్తోంది. ఇద్దరికని అల్లిన చొక్కా అడుగడుగునా కుదించుకుపోతోంది. గంజి బానలో తాను కర్రతో చేసిన పనే ఏరు ఇప్పుడు తన ఒంటిమీద చేస్తోందని ఆమెకు తెలిసిపోయింది. బీరవ్వకు తెలిసినదంతా నేర్చుకుంది. ఇది బీరవ్వకూ తెలియదు, ఏట్లో ఇంతదూరం వచ్చినవాళ్ళెవరూ తిరిగి వెళ్ళి ఆమెకు చెప్పలేదు గనుక.

రణమల్లుడి ఎదుటికి చేరేసరికి చొక్కా ఆమెకే సరిపోయేంత అయింది. మందంగా అట్టకట్టింది. నీటి ఆవిరి కూడా దూరదు. మరో మనిషి చెయ్యి కూడా దూరదు.

చెంగల్వ ఆ నీళ్ళలో నిలబడి భోరున ఏడ్చింది. ఇరవై రెండు రోజులుగా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. మొగుడు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాడు. అతని ఒంటి మీద తానల్లిన తెల్లచొక్కా, మంచులో బిగుసుకుపోయి, ఇంకా మల్లెపూవులా ఉంది.

కోస్తే పోగు చెదరదు.

చెంగల్వ కత్తెర తీసి మెడచుట్టూ తిప్పింది. అట్టకట్టిన ఉన్ని కరకరమని తెగింది, ఒక్క పోగు ఊడలేదు. కుచ్చుటోపీ తీసి రణమల్లుడి తలకు తొడిగింది. రెండు చేతులతో అతని చెంపల మీద అదిమింది. మంచు చిటపటమంది. కనురెప్పలు కదిలాయి. పెదవులు నీలం నుంచి గోధుమరంగుకు వచ్చాయి.

"చెంగీ... నువ్వేనా?"

"నేనే బావా! తప్పు నాదే బావా. జిడ్డంతా ఉతికేశాను. ఉతక్కూడదట. నాకు తెలీదు."

"తెలుసులే." అతని గొంతు ఎక్కడో లోతునుంచి వచ్చింది. "మూడో అడుగుకే వీపు మీద చలి పాకింది. చొక్కా ఆగదని అప్పుడే తెలిసింది."

"మూడో అడుగుకా!" చెంగల్వ కళ్ళు పెద్దవయ్యాయి. "మరి వెనక్కి రాకుండా ఈ సగందాకా ఎందుకొచ్చావు?"

"ఒడ్డున నువ్వు సేనాపతికి చూపిస్తున్నావు. 'అదిగో అయ్యా, నేనల్లిన చొక్కా, చూడండి ఎలా మెరుస్తోందో' అని. అందరి ముందు వెనక్కి వస్తే నీ మొహం ఎట్లా ఉంటుందో అనుకున్నా. ఇంకో నాలుగడుగులు వేద్దాం, ఆగుతుందేమో అనుకున్నా."

చెంగల్వ అతని గుండె మీద గుద్దింది. అది మంచు గుండె. ఆమె పిడికిలే కమిలిపోయింది. "నా మొహం కోసమా! ఓరి పిచ్చి మారాజా, నా మొహం కోసమా నువ్వు ప్రాణం పెట్టింది! నా చొక్కా పనికిరాదని ఊరంతా వినేట్టు అరవలేకపోయావా? జన్మంతా తలొంచుకుని బతికేదాన్ని కదా, నువ్వు పక్కన ఉంటే!"

రణమల్లుడు కొంచెం నవ్వబోయాడు. అంతలో అతని చూపు ఆమె నెత్తిన పడింది. ప్రవాహం చిమ్మిన తుంపర ఆమె జుట్టు కొసలను తాకింది. కొసలు మంచయి గలగలమంటున్నాయి. అవతలి ఒడ్డున కోటగోడ మీదినుంచి నీటితెర భోరుమని దూకుతోంది. దాని కిందినుంచి తప్ప కోటలోకి దారి లేదు. వెనక గండిశిఖరం అంచున ఎండ పసుపుగీతలా కనిపించింది.

"చెంగీ, టోపీ తీసుకో."

"తియ్యను."

"ఆ నీళ్ళ కింద ఒట్టి తలతో వెళ్తావా? నువ్వు ఇక్కడ ఆగితే ఇద్దరం పోతాం, వీళ్ళందరూ పోతారు. తీసుకో."

"నా చేత్తో నిన్ను మళ్ళీ మంచు చెయ్యమంటావా బావా? ఒకసారి చేసింది చాలదా?"

"మొదటిసారి తెలియక చేశావు. ఇప్పుడు తెలిసి చెయ్యి. తెలిసి చేసే పని నువ్వెప్పుడూ పాడుచెయ్యవు." అతను కళ్ళు మూసుకున్నాడు. "నేనేదో ఒకటి మాట్లాడుతుంటా. మాట మధ్యలో లాగెయ్. నా మొహం చూశావంటే నీకు చెయ్యి రాదు."

చెంగల్వ అతని వెనక్కి వెళ్ళి నిలబడింది. కుచ్చుటోపీ అంచు మూడు వేళ్ళతో పట్టుకుంది.

"వచ్చేముందు మన పెరట్లో దండెం తాడు పురి విడిపోయింది," అంటున్నాడు రణమల్లుడు, మామూలుగా, పొద్దున్నే చద్దన్నం తింటూ మాట్లాడినట్టు. "నీతో చెప్పడం మరిచాను. తడి చీరలు వేస్తే తెగుతుంది. కొత్తతాడు పేని అటక మీద పెట్టాను. దాన్ని కట్టేటప్పుడు మాత్రం చెంగీ, ఒక సంగతి..."

ఆమె లాగేసింది.

మాట ఆగిపోయింది. మంచు అతని మెడ మీదినుంచి పైకి పాకుతున్న చప్పుడు ఆమెకు వినిపించింది. ముందుకు వచ్చి అతని మొహం చూడలేదు. కుచ్చుటోపీ తన తలకు తొడుక్కుని అంచు మెడలోకి దోపుకుంది. దాంట్లో అతని ఊపిరి వెచ్చదనం ఇంకా ఉంది. కత్తెర గట్టిగా పట్టుకుని, వెక్కుతూ, చెంగల్వ నీటితెరలోకి నడిచింది. తెర అవతల కోట తలుపు దానంతటదే తెరుచుకుంది, లోపల నీలిదీపం వెలుగుతోంది.